నాన్న ముట్టనివ్వని పెట్టె

మీ ఇంట్లో పాతకాలం పీట ఉంటే ఒకసారి తిరగేసి చూడండి. పైన పలక, కింద అడ్డంగా రెండు పట్టీలు. అంతే కదా, అందులో చూడ్డానికేముంది అనిపిస్తుంది. రాజమండ్రిలోని ఓ రిటైర్డు బ్యాంకు ఆఫీసరుగారికీ అరవయ్యేళ్లపాటు అలాగే అనిపించింది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన అన్నం తిన్నది ఆ పనసచెక్క పీటమీద కూర్చునే. పెళ్లయ్యాక ఇంట్లోకి డైనింగ్ టేబులొచ్చింది. పీట దేవుడి గదిలోకి వెళ్లింది.

2023 జులైలో ఓ సాయంత్రం ఆయన మొదటిసారి దాన్ని బోర్లా తిప్పారు. ఒక్క మేకు లేదు. ఒక్క స్క్రూ లేదు. జిగురు జాడ కూడా లేదు. పలకలో గాడి తీసి, ఆ గాడిలోకి పట్టీని దూర్చారు. లాగితే రావడం లేదు, ఊపితే కదలడం లేదు. పట్టీ పక్కన మాత్రం ఉలితో కొట్టిన సన్నటి గాటు ఒకటి కనిపించింది. రెండో పట్టీ దగ్గర రెండు గాట్లు. పని నేర్చుకునే కుర్రాడెవడో ఉలి పదును చూసుకుని ఉంటాడనుకున్నారాయన.

ఆ పీట చేసింది వాళ్ల నాన్న. ఆయన 2019లో పోయారు. పోతూ కొడుక్కి ఒక ఇల్లు, రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఒక చెక్కపెట్టె మిగిల్చారు. ఇల్లూ డిపాజిట్ల సంగతి చూడ్డానికి బ్యాంకు ఆఫీసరుకి ఎంతసేపు పడుతుంది! పెట్టె మాత్రం నాలుగేళ్లు అటకమీదే ఉండిపోయింది. తెరవడానికి ఆయనకు చేతులు రాలేదు. ఎందుకంటే బతికున్నన్నాళ్లూ నాన్న దాన్ని ఆయన్ని ముట్టుకోనివ్వలేదు.

క్రాఫ్టు పిరియడ్‌లో రంపం

నాన్నది గోదావరి పక్కన చిన్న పల్లె. నాగళ్లు, బండ్లు, గుమ్మాలు... ఊళ్లో చెక్కతో పనేదైనా ఆయన చెయ్యి పడాల్సిందే. కూలి డబ్బుల్లో ఉండేది కాదు. కోతలయ్యాక కళ్లాల దగ్గరికెళ్తే రైతులు ‘మేర’ కొలిచేవారు. పంట బాగుంటే గింజలు, లేకపోతే మాటలు. ట్రాక్టర్లు రావడం మొదలయ్యాక నాగళ్ల పనీ, బండ్ల పనీ పల్చబడింది. 1970ల్లో కుటుంబం రాజమండ్రి చేరింది. భద్రాచలం అడవుల కలపను తెప్పలుగా కట్టి గోదావరి మీద దించిన ఊరది. అడితీలకూ సామిల్లులకూ కొదవలేదు. తలుపులు, కిటికీల పనితో ఇల్లు గడిచింది. ఎడమచేతి చూపుడువేలు సగం పోయింది కూడా ఆ రోజుల్లోనే.

ఆ వేలు పోయిన రోజునే నాన్న ఒక నిర్ణయం తీసుకుని ఉంటారని కొడుకు అనుకుంటారు. అప్పట్నుంచీ పెట్టెకు తాళం.

1975లో ఆయన ఎనిమిదో తరగతి. అప్పట్లో చాలా హైస్కూళ్లలో క్రాఫ్టు పిరియడ్ ఉండేది. చదువుతోపాటు చేతిపనీ నేర్పాలని 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ పెట్టిన ఆలోచనకు అవి మిగిలిన గుర్తులు. వాళ్ల స్కూల్లో చెక్కపని ఉండేది. కుర్రాడు అడుగు పొడవున్న స్కేలు ఒకటి కోసి, గరుకు కాగితంతో రుద్ది, మురిసిపోతూ ఇంటికి తెచ్చాడు. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని ఒక కన్ను మూసి అంచు చూశారు. వంకర ఉందో లేదో చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే స్కూలుకెళ్లి హెడ్మాస్టారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“మావాడికి రంపం ఇవ్వకండి బాబూ. అది మా ఇంట్లో ఎలాగూ ఉంది. మా ఇంట్లో లేనిది చెప్పండి.”

ఆ పిరియడ్‌లో కుర్రాణ్ని లైబ్రరీలో కూర్చోబెట్టారు. అక్కడే పోటీ పరీక్షల పుస్తకాలు కనిపించాయి. బ్యాంకు ఉద్యోగం అలా వచ్చిందంటే అతిశయోక్తి కాదు. నాన్న చేసింది తప్పని ఆయన ఎప్పుడూ అనలేదు. కానీ ఆ స్కేలు వంకరగా ఉందో, సరిగ్గా ఉందో తెలుసుకోవాలన్న కోరిక మాత్రం నలభై ఎనిమిదేళ్లు అలాగే ఉండిపోయింది.

ఈలోగా కూతురికి సంబంధం కుదిరింది. ముహూర్తాలు ఏడాది తర్వాత. ఓ రాత్రి భోజనాల దగ్గర ఆయన ప్రకటించారు. “అమ్మాయి పెళ్లి పీటలు నేనే చేస్తాను.”

భార్య నవ్వు ఆపుకోలేదు. “అరవయ్యో ఏట అక్షరాభ్యాసమా! ముందు పెరట్లో తలుపు గొళ్లెం బిగించండి. మూణ్నెల్ల నుంచి అడుగుతున్నాను.”

ముందు సాన పట్టు

కొత్తగా చెక్కపని మొదలుపెట్టేవాళ్లు చేసే తప్పే ఆయనా చేశారు. యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూసి కరెంటు రంపం, డ్రిల్లు, గరుకు పట్టే మిషను ఆన్‌లైన్లో తెప్పించేశారు. వాటిలో డ్రిల్లు తప్ప మిగతావి నేటికీ అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. పనిముట్లు కొనడం కూడా ఒక వ్యసనమే. పని మొదలుపెట్టామన్న తృప్తిని పని చెయ్యకుండానే ఇచ్చేస్తుంది!

గురువు కోసం దూరం వెళ్లక్కర్లేకపోయింది. రెండు వీధుల అవతలే బావగారున్నారు. మేనత్త కొడుకు. తండ్రి పోతే పదేళ్ల వయసులో, 1968లో మేనమామ ఇంటికి వచ్చారు. వచ్చిన వారానికే మేనమామ చేతికి ఉలి ఇచ్చారు. యాభై ఏళ్లు ఆ చేతులు ఆగలేదు. ఇప్పుడు ప్లైవుడ్డు, లామినేట్ల కాలం. కత్తిరించి అతికించే పని కుర్రాళ్లు చేసేస్తున్నారు. బావగారికి ఎప్పుడైనా పాత ఇళ్ల గుమ్మాల మరమ్మతు తగిలితే పని, లేకపోతే అరుగుమీద కూర్చోవడం.

“పీటలా? నువ్వా?” అన్నారాయన. “ఏవయ్యా మేనేజరూ, కౌంటర్లో నోట్లు లెక్కెట్టడం అనుకుంటున్నావా? సరే, మావయ్య పెట్టె దించు.”

పెట్టె దించారు. తాళంచెవి ఎక్కడుందో తెలీలేదు. బావగారు కప్ప తాళాన్ని సుత్తితో ఒక్క పోటు పొడిచారు. లోపల గోనెపట్టాలో చుట్టి, ఆముదం పట్టించిన పనిముట్లు. రంపాలు రెండు, బాడిస, చిత్రిక పట్టే తోపడాలు మూడు, బరమా, మూలమట్టం, చిన్నవీ పెద్దవీ ఉలులు తొమ్మిది. ఉలుల పిడులమీద నాన్న అరచెయ్యి ఆనిన చోటల్లా కర్ర నున్నగా, నల్లగా మెరుస్తోంది.

“ఇన్ని అక్కర్లేదు” అంటూ బావగారు సగం పైగా మళ్లీ లోపల పెట్టేశారు. బయట మిగిలినవి ఒక రంపం, అరంగుళం ఉలి, అంగుళం ఉలి, ఒక తోపడా, మూలమట్టం, సుత్తి, సానరాయి. టేపూ పెన్సిలూ ఎలాగూ ఇంట్లో ఉన్నాయి. పనిని కదలకుండా పట్టి ఉంచడానికి బజార్నుంచి రెండు ఇనుప క్లాంపులు తెమ్మన్నారు. కొత్తవాళ్లకు నిజంగానే ఇవి చాలు. ఏడాదిపాటు వాటితోనే పని జరిగింది.

మొదటి మూడు వారాలూ ఆయన చెక్కను ముట్టుకోలేదు. సానరాయి ముందు కూర్చోవడమే. ముందు ఉలి వెనకవైపు అద్దంలా చదును కావాలి. తర్వాత వాలు. ఆ వాలు 25 నుంచి 30 డిగ్రీలుండాలని పుస్తకాలు చెబుతాయి. డిగ్రీలు కొలవడానికి బావగారి దగ్గర ఏ పరికరమూ లేదు. “రేకు మందం ఎంతుందో, వాలు పొడవు దానికి రెండింతలుండాలి. అంతే” అన్నారు. ఆఫీసరుగారు కాగితంమీద త్రికోణం గీసి లెక్కకట్టారు. కచ్చితంగా 30 డిగ్రీలు వచ్చింది! బళ్లో త్రికోణమితి చదివినాయన చదవని ఆయన వైపు అలా చూస్తుండిపోయారు.

రాయిమీద అరగదీస్తుంటే కాసేపటికి ఉలి వెనకవైపు అంచున సన్నటి గరుకు వేలికి తగులుతుంది. అది తగిలితే పదును అంచుదాకా వచ్చిందని గుర్తు. వెనక్కి తిప్పి నాలుగుసార్లు రుద్ది ఆ గరుకు తీసెయ్యాలి. పేపరు నిలబెట్టి కోస్తే చిరగకుండా తెగాలి. తెగింది. ఆ ఆనందంలో ఎడమ బొటనవేలూ తెగింది. మూడు కుట్లు పడ్డాయి.

భార్య ఆ రోజు ఏమీ అనలేదు. నాన్నగారి ఫొటో వైపొకసారి, పెట్టె వైపొకసారి చూసి లోపలికెళ్లిపోయారు. ఆయన్ని ఆ చూపే ఎక్కువ బాధపెట్టింది.

“మొద్దు ఉలే ఎక్కువ కోస్తుందయ్యా. నెట్టాల్సొస్తుంది కదా, అందుకు జారుతుంది” అన్నారు బావగారు కట్టు చూసి. “నీకు తెగింది ఉలివల్ల కాదు. ఉలికి ఎదురుగా చెయ్యి పెట్టావు. అది మావయ్య చెప్పిన మొదటి మాట. నీకు చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను. ఉలి ఎటు పోతుందో అటు ఒళ్లు ఉండకూడదు.”

చెక్క ఒళ్లు చేస్తుంది, చిక్కిపోతుంది

రంపం కూడా అనుకున్నంత తేలిక కాదు. గీసిన గీతమీద కోస్తే ముక్క రంపం మందమంత తగ్గిపోతుంది. అందుకే పారేసే వైపున, గీతను ఆనుకుని కొయ్యాలి. చూపుడువేలు రంపం వెంబడి చాపి పట్టుకుంటే మణికట్టు అటూ ఇటూ వంగదు. తోపడా పట్టేటప్పుడు చెక్క నార ఎటు వాలి ఉందో చూసుకోవాలి. ఆవు వీపు తోక వైపుకి నిమిరితే నున్నగా ఉంటుంది, మెడ వైపుకి నిమిరితే వెంట్రుకలు లేస్తాయి. చెక్కా అంతే. ఎదురు పడితే పెచ్చులు లేస్తాయి. నేలమీద కూర్చుని కాలితో చెక్కను అదిమిపట్టి పనిచెయ్యడం వాళ్ల నాన్న పద్ధతి. అరవయ్యేళ్ల మోకాళ్లకు అది సాధ్యం కాలేదు. వసారాలో పాత రాతబల్లకే క్లాంపులు బిగించుకున్నారు.

వసారాలో ఎండబెట్టిన వడియాలమీద రంపపు పొట్టు పడిన రోజున ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. పొట్టుతో గొడవ వడియాలకే పరిమితం కాదు. చెక్క ధూళి పీలిస్తే క్యాన్సరు వస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే తేల్చింది. రోజుల తరబడి, ఏళ్ల తరబడి పీల్చేవాళ్లకు ముప్పు ఎక్కువ. కొవిడ్ నాటి మాస్కులు మిగిలిపోతే వాటిలో మంచివి ఇందుకు పనికొచ్చాయి. బావగారు మాత్రం యాభై ఏళ్లుగా తువ్వాలు కూడా కట్టుకోలేదు. దగ్గు ఎందుకొస్తుందని అడిగితే చలిగాలి అంటారు.

దసరాకి మొదటి పీట తయారైంది. అడితీలో కొత్త కలప. చేతిలో ఫెవికాల్ డబ్బా. 1959 నుంచీ మన వడ్రంగుల చేతిలో ఉన్న ఆ తెల్లజిగురు అతుకుతుందనడంలో అనుమానం లేదు. రెండు పలకలు పక్కపక్కన అతికించి, కింద రెండు పట్టీలకు జిగురు రాసి, పైగా మేకులు కూడా దిగ్గొట్టారు ఆఫీసరుగారు. గట్టిదనానికి ఇంకేం కావాలి? ఆ రెండు వారాలూ బావగారు కూతురి ఊరెళ్లారు. తిరిగొచ్చాక పీట చూసి ఏమీ అనలేదు. “ఉంచు చూద్దాం” అన్నారంతే.

సంక్రాంతి దాటిన వారానికి, ఓ రాత్రి వసారాలోంచి టప్‌మని చప్పుడు. లైటు వేసి చూస్తే పలక నిలువునా పగిలింది. అతుకు దగ్గర కాదు, అతుకు పక్కన మంచి చెక్కలో. జిగురు ఓడిపోలేదు. చెక్కే ఓడిపోయింది.

“చెట్టు కొట్టేశాం కదా అని చెక్క ఊరుకోదయ్యా” అని అప్పుడు చెప్పారు బావగారు. “వానాకాలం ఒళ్లు చేస్తుంది, ఎండాకాలం చిక్కిపోతుంది. నువ్వేమో కదలకుండా కట్టేశావు.”

ఇందులో ఉన్న విషయం ఇదీ. పచ్చిచెక్క పూర్తిగా ఎండేలోపు నార పొడవునా తగ్గేది చాలా స్వల్పం. చాలా జాతుల్లో 0.1 నుంచి 0.2 శాతం. అడ్డంగా మాత్రం జాతిని బట్టి, కోసిన తీరును బట్టి 3 నుంచి 10 శాతం దాకా తగ్గుతుంది. ఎండాక కూడా గాలిలో తేమను బట్టి ఎంతోకొంత కదులుతూనే ఉంటుంది. పీట పలకలో నార నిలువుగా ఉంటుంది, కింది పట్టీలో అడ్డంగా. పలక చిక్కాలనుకుంటుంది, పట్టీ చిక్కదు. మధ్యలో మేకులు. ఇక పగలక ఏం చేస్తుంది?

ఆ రాత్రి ఆయన దేవుడి గదిలోంచి నాన్న చేసిన పీట మళ్లీ తెచ్చారు. బావగారు దాన్ని బోర్లా తిప్పి పట్టీ ఒక కొసను సుత్తి పిడితో రెండు పోట్లు పొడిచారు. పట్టీ జారుకుంటూ బయటికొచ్చింది! గాడి నోరు ఇరుకు, అడుగు వెడల్పు. అందుకే పట్టీ ఊడి కింద పడదు. పైగా గాడి ఒక కొస నుంచి ఇంకో కొసకు సన్నబడుతూ పోతుంది. పట్టీని వెడల్పు వైపు నుంచి తోస్తే చివరికెళ్లేసరికి బిగుసుకుంటుంది. పలకను వంగనివ్వదు, కానీ ఒళ్లు చేసినా చిక్కినా పలక ఆ పట్టీమీద జరగడానికి వీలుంటుంది. యాభై ఏళ్ల వానలూ ఎండలూ ఆ పీట అలా దాటేసింది.

“ఇది నాకెప్పుడూ చెప్పలేదు బావా, నాన్న.”

బావగారు పట్టీని మళ్లీ గాడిలోకి తోస్తూ అన్నారు. “నేను బడికి పంపమని ఏడిచాను తెలుసా? నీకు పలకా బలపం కొన్న రోజున. నాకూ కొనమన్నాను. అక్షరం చెప్పించు మావయ్యా అంటే ఉలి ఇచ్చాడు. నువ్వు ఉలి ఇమ్మంటే పుస్తకం ఇచ్చాడు.” కాసేపాగి, “ఇద్దరికీ కావల్సింది ఇవ్వలేదు ముసలాడు” అని నవ్వారు. ఆఫీసరుగారికి నవ్వు రాలేదు. ఫీజు కట్టడానికి ఆ ఇంట్లో ఒక్కరికే డబ్బుండేదని, రెండో చెయ్యి సంపాదిస్తే తప్ప ఆ ఒక్క ఫీజూ కట్టలేకపోయేవారని ఆయనకు తెలుసు. ఇన్నేళ్లూ తెలిసి కూడా ఆ లెక్క వెయ్యలేదు. ఆ రెండో చెయ్యి ఎవరిదో ఎదురుగా కూర్చుని ఉంది.

కుడి, ఎడమ

ఈసారి కొత్త కలప కొనలేదు. 1978లో నాన్న కట్టిన ఇంటిని తర్వాతెప్పుడో తిరగకట్టినప్పుడు పడమటి గది తలుపులు విప్పి అటకమీద పెట్టారు. టేకువి. పద్నాలుగు అంగుళాల వెడల్పు పలకలు, నలభై ఏళ్లకు పైగా ఎండినవి. అతుకుతో పనిలేదు. పాత చెక్కకు తోపడా పట్టేముందు అయస్కాంతం పెట్టి చూసుకోవాలి. విరిగి లోపల ఉండిపోయిన మేకు ఒక్కటి తగిలితే చాలు, పదునంతా పోతుంది. వాటిలో ఏడు మేకులు దొరికాయి.

మొదటి గాడి తియ్యడానికి పదకొండు రోజులు పట్టింది. రెండు వైపులా రంపంతో వాలుగా కోత, మధ్యలో చెక్కను ఉలితో పొరలు పొరలుగా తియ్యడం. రెండో గాడి నాలుగు రోజులు. మూడోది రెండు. నాలుగోది ఒక్కరోజులో అయిపోయింది కానీ కొంచెం వదులైంది. కంగారే కారణమని ఆయనే ఒప్పుకున్నారు. కోసిన పట్టీల్లో మందమైనదాన్ని దానికే కేటాయించి సర్దారు. ఏ పట్టీ ఏ గాడికి కుదిరిందో కలిసిపోకుండా పెన్సిలుతో శుభ్రంగా రాసిపెట్టారు... వరుడి పీట కుడి, వరుడి పీట ఎడమ, వధువు పీట కుడి, వధువు పీట ఎడమ. ముప్పై ఎనిమిదేళ్లు ఫైళ్లు చూసిన మనిషి కదా! బల్లమీద పెట్టి, నాలుగు మూలలూ ఆనేదాకా పట్టీలను చిత్రిక పట్టారు. విప్పి గరుకు కాగితంతో పది రోజులు రుద్ది, అవిసె నూనె పట్టించారు. (నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకున్న సందర్భాలున్నాయి. విడిగా పరిచి ఆరేయాలి, లేదా నీళ్లలో వెయ్యాలి.)

పెళ్లి 2024 శ్రావణంలో. రెండు రోజుల ముందు ఆఫీసరుగారు శుభలేఖలు పంచడానికి కాకినాడ వెళ్లాల్సొచ్చింది. పీటలు బిగించే పని బావగారు చూసుకుంటానన్నారు. సాయంత్రం వచ్చేసరికి రెండు పీటలూ గోడకు ఆనించి ఉన్నాయి.

“వధువు పీటకి ఒకటి బిగువు, ఒకటి వదులు” అన్నారు బావగారు. “బిగువుదాన్ని కాస్త గీకాను, వదులుదానికి చిన్న పేడు దూర్చాను. గాడి కొయ్యడంలో తొందరపడ్డావు మేనేజరూ.”

నాలుగో గాడి గుర్తొచ్చి ఆయన తలూపారు.

పెళ్లి రోజు ఆడవాళ్లు పీటలకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పైన కొత్త బట్టలు పరిచారు. పది రోజుల గరుకు కాగితం, మూడు పూతల నూనె... ఏదీ కనిపించలేదు. గౌరీపూజ అయ్యాక అమ్మాయి వచ్చి పీటమీద కూర్చుంది. కుడివైపుకి వంగితే టక్. ఎడమవైపుకి వంగితే టక్. పురోహితుడుగారు మంత్రం ఆపి కిందికి చూశారు. ఆఫీసరుగారు నేల ఎత్తుపల్లాలుగా ఉందన్నారు. ఆడలేనమ్మ మద్దెల ఓడన్న సామెత భార్యకు గుర్తొచ్చినట్టే ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అంతలో బావగారు వెనక నుంచి మండపమెక్కి, జేబులోంచి చిన్న చెక్కపేడు తీసి పీట కింద దూర్చి దిగిపోయారు. టక్ ఆగింది. ఆ పేడు ముందే చేసి పెట్టుకొచ్చారు.

పెళ్లయిన నాలుగో రోజున పీటలు ఇంటికొచ్చాయి. పసుపు కడిగి ఆరబెట్టడానికి వధువు పీటను బోర్లా తిప్పిన ఆఫీసరుగారు అలాగే కూర్చుండిపోయారు. పలకమీద ‘కుడి’ అని రాసి ఉన్నచోట పట్టీమీద ‘ఎడమ’ అని ఉంది. ‘ఎడమ’ దగ్గర ‘కుడి’. అక్షరాలు స్పష్టంగా, గుండ్రంగా, చెరగకుండా ఉన్నాయి. ఆయన దస్తూరీ ఎప్పుడూ బాగుంటుంది.

బావగారు సంతకం పెడతారు. సెల్‌ఫోన్ వాడతారు. టేపుమీద అంగుళాలు, అరంగుళాలు, దారాలు చూపుతో చెబుతారు. బ్యాంకు కాగితాలు ఏవొచ్చినా “నువ్వు నింపు, ఎక్కడ పెట్టాలో చూపించు” అంటారు. అది బద్ధకమనుకున్నారు అందరూ. శుభలేఖ ఇచ్చినప్పుడు కూడా ముందుకీ వెనక్కీ తిప్పి, కాగితం మందం వేళ్లతో చూసి, బాగుందన్నారు.

ఆయన లేచి దేవుడి గదిలోకెళ్లారు. నాన్న చేసిన పీట తిప్పి చూశారు. పట్టీమీద ఒక గాటు, దాని గాడి పక్కన ఒక గాటు. రెండో పట్టీమీద రెండు, గాడి పక్కన రెండు.

ఆ సంగతి ఆయన బావగారితో అనలేదు. ఆ వారంలోనే పట్టీలు విప్పి ఎవరి గాడిలో వాళ్లను పెట్టి, గీకిన మేరకు సర్ది, మూలలు ఆనించారు. మళ్లీ తీసి, గరుకు కాగితంతో అక్షరాలు చెరిపేసి అరంగుళం ఉలి అందుకున్నారు.

దసరా నాటికి స్టూలు మొదలైంది. నాలుగు కాళ్లు. ఒక్కో కాలు కొసన నాలుకలాంటి ముక్క తీసి, పై పలకలో చిల్లు చేసి దిగ్గొట్టాలి. పీటకంటే కష్టమైన పని. బావగారు సాయంత్రం వచ్చి, బల్లమీద వరసగా పేర్చిన కాళ్లను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నారు. మొదటిదానికి ఒక గాటు. రెండోదానికి రెండు. మూడు. నాలుగు. వాటిమీద బొటనవేలు ఆనించి కాసేపు అలాగే ఉంచారు.

“ఇవెవరు చెప్పారు నీకు?”

“నాన్న పీటకి ఉన్నాయిగా.”

బావగారు మూడో కాలు మళ్లీ తీసుకున్నారు. ఒక కన్ను మూసి అంచు చూశారు.

“ఇది వంకర” అన్నారు. “ఇంకోటి కొయ్యి.”